నీలం నాలుక

ఉప్పల్‌లో వాళ్ళ గల్లీ మొదట కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో ఆమె నోరు మూసి ఉంది. అది నేను తీసి, అప్పట్లో ఆమె కూతురి ఫోన్‌కు పంపిన ఫొటోనే. నేను తీసినప్పుడు ఆమె నాలుక బయటపెట్టి నవ్వుతోంది. నాలుక సిరాబుడ్డిలో ముంచి తీసినంత నీలంగా ఉంది. అప్పుడే తిన్న గమ్మీ రంగది; తింటే నాలుకకు రంగంటే జెల్లీ మిఠాయి, ఏ దేశం నుంచో వచ్చింది. ఇంట్లోవాళ్ళ దగ్గర ఆమె ఒక్కతే ఉన్న ఫొటో ఇంకోటి లేదట. ఫ్లెక్సీ వేసినవాళ్ళు ఎక్కడి నుంచో రెండు పెదవులు తెచ్చి అతికించారు. చుట్టూ బంతిపూలు, రెండు పావురాలు, కింద కన్నీటి నివాళి. ఆ పెదవులు ఎవరివో తెలియదు. ఆమెవి మాత్రం కావు.

ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు ఆ స్తంభం దగ్గర కాసేపు నిలబడి, తర్వాత లోపలికి వెళ్ళాను.

ఆమె పేరు ఇక్కడ రాయను. నాచారంలో మేం పనిచేసే ఆ చిన్న మిఠాయి ఫ్యాక్టరీలో ఆమెను ఎవరూ పేరుతో పిలిచేవారు కాదు. అందరికీ పెద్దమ్మే. జనగామ వైపు నుంచి ఎప్పుడో వచ్చి, చాక్లెట్లకు కాగితం చుట్టే పనిలో చేరిందట. ఒకరోజు కింద పడ్డ బిళ్ళ నోట్లో వేసుకుని, ఇందులో నిమ్మ ఉప్పు రెండుసార్లు పడింది అందట. చూస్తే నిజమే. అప్పటి నుంచి ఆమె పని రుచి చూడటం. నేను డిగ్రీ అయ్యాక అక్కడ చేరింది ఆమె చెప్పింది రాయడానికి. ఆమెకు సంతకం తప్ప రాయడం రాదు.

మా మేనేజర్‌గారికి విదేశీ గమ్మీల పిచ్చి. ఎవరు దుబాయ్ వెళ్ళినా, బ్యాంకాక్ వెళ్ళినా చీటీ రాసిచ్చేవారు. ఎవరూ దొరకనప్పుడు ఏఎస్ రావు నగర్‌లో దిగుమతి సరుకు అమ్మే దుకాణానికి తానే వెళ్ళి తెచ్చేవారు. కంటిగుడ్ల ఆకారంలోవి, ఆమ్లెట్ ఆకారంలోవి, తొక్క ఒలుచుకుని తినే మామిడిపండ్లు, వానపాములు, మీద ఉప్పు చల్లిన నల్లటి బిళ్ళలు. అట్ట మీద ఏ లిపో కూడా మాకు తెలిసేది కాదు. వాటిలో మన పిల్లలు తినగలిగేది ఏది, మన దగ్గర పోతపోయగలిగేది ఏది అన్నది పెద్దమ్మ చెప్పాలి. నా రిజిస్టరులో నాలుగు గడులు. తీపి, పులుపు, కొరుకు, వాసన. కొరుకు అన్న మాట ఆమెదే. పళ్ళ మధ్య పడ్డప్పుడు అది ఎట్లా లొంగుతుంది, ఎట్లా ఎదురు తిరుగుతుంది అన్నది కొరుకు.

మొదటి రోజు ఆమె నన్ను గదిలోకి రానివ్వలేదు. గుమ్మంలోనే ఆపి గాలి పీల్చింది.

“బిడ్డా, నువ్వు మంచిగనే ఉన్నవ్ గని, నీ పౌడర్ నాతోని మాట్లాడుతుంది. జర మొఖం కడుక్కొని రా.”

కడుక్కుని వచ్చాను. మళ్ళీ పీల్చింది. “ఇగ గా క్లిప్పుకున్న పువ్వు గూడ.” పువ్వు తీసి బయట కిటికీలో పెట్టాను. అప్పుడు కుర్చీ చూపించింది.

తాను తలకు నూనె రాసేది కాదు. నూనె రాస్తే రోజంతా నూనే తింటానని అనేది. ఒక్కో గమ్మీకి ముందు గోరువెచ్చటి నీళ్ళు పుక్కిలించి, నాలుగు మరమరాలు నమిలి మింగేది. కళ్ళు మూసుకునేది. నములుతున్నంతసేపూ ఎడమచేతి చిటికెన వేలు బల్ల మీద చిన్నగా కొట్టుకునేది. ఎన్ని నమిలితే కరిగిందో ఆ వేలికే తెలుసు. ఆ తర్వాత నోరు తెరిచి చెప్పేది. నేను రాసేదాన్ని.

ఆమె చెప్పిన వాసనలు ఏ పుస్తకంలోనూ ఉండవు. “కొత్త హవాయి చెప్పు.” “బస్సుల ముందు సీటోని నెత్తి.” “పెండ్లయినంక టెంట్ ఇప్పుతరు సూడు, గా జాగ.” ఉప్పు చల్లిన నల్లటి బిళ్ళ తిన్నప్పుడు చాలాసేపు ముఖం చిట్లించి, “ఆయుర్వేదం దుకాణం బల్ల నాకినట్టుంది” అంది. మేనేజర్‌గారు ఆ గడి చదివి ఆ సరుకు జోలికి మళ్ళీ పోలేదు.

శనివారం ఆమెకు ఒక్కపొద్దు. గమ్మీల్లో కొన్ని ఎముకల నుంచి తీసిన జెలటిన్‌తో చేస్తారు, కొన్ని పండ్ల తొక్కల నుంచి తీసిన పెక్టిన్‌తో. శనివారం జెలటిన్‌వి ముట్టేది కాదు. అట్ట చదవలేం కాబట్టి ఏది ఏదో తెలుసుకోవడానికి శుక్రవారమే ఒక్కోటి కొరికి ప్లేట్లో రెండు కుప్పలు చేసేది. “ఇవి బొక్కలయి. ఇవి తొక్కలయి.” ఒక్క కొరుకుడుకే తెలిసిపోయేది. నేను అట్ట మీది లిపిని ఫోన్‌తో తర్జుమా చేయించి చూసేదాన్ని. ఒక్కసారి కూడా తప్పలేదు.

“ఎట్ల తెలుస్తది పెద్దమ్మా?” అని ఒకసారి అడిగాను. నేను అడిగిన కొద్ది ప్రశ్నల్లో అదొకటి.

“తొక్కలది విరుగుతది బిడ్డా, మంచోని లెక్క. బొక్కలది సాగుతది. ఇడిసిపెట్టది.”

ఇంత తీపి తినే మనిషి మధ్యాహ్నం డబ్బాలో ఎప్పుడూ జొన్నరొట్టె, ఎల్లిపాయ కారమే. ఎవరి పుట్టినరోజుకైనా కేకు పంచితే, “నాకు డ్యూటీ అయిపోయింది” అని పక్కవాళ్ళకు ఇచ్చేసేది. అయినా ప్రతి ప్యాకెట్ నుంచి ఒక గమ్మీ దాచుకునేది. దర్జీలు బొత్తాలు వేసుకునే గళ్ళ డబ్బా ఒకటి అంగట్లో కొనుక్కుంది. ఒక్కో గడిలో ఒక్కో గమ్మీ. ఒకదానికొకటి అంటుకోకుండా మక్కపిండి చల్లేది. ఎందుకు దాస్తున్నావని ప్యాకింగ్‌లో ఆడవాళ్ళు ఆటపట్టించేవారు.

“నువ్వేమన్న గవాటిని పొదుగుతున్నవా పెద్దమ్మా, పిల్లలైతయని?”

“గిన్ని దేశాలు నా తాన్కి నడుసుకుంట వచ్చినయే! నేను పట్నమొచ్చినంక ఉప్పల్ రింగురోడ్డు దాటలే. ఊకె పంపిస్తే బాగుంటదా?”

సాయంత్రం ఐదింటికి ఆమె చేతులు కడుక్కుని నా ఎదురుగా కూర్చునేది. “ఏం రాసినవో సదువు బిడ్డా.” నేను చదివేదాన్ని. ఆమె తల ఊపేది. సంతకం పెట్టేది. నలుగురిలో నోరు తెరవలేని నాకు, రోజుకు ఒక్కసారి గొంతు బయటకు వచ్చే సమయం అదే.

తర్వాత ఆమెకు జ్వరం వచ్చింది. రెండు వారాలు రాలేదు. వచ్చాక చెంపలు లోపలికి పోయి ఉన్నాయి కాని మాట అదే, వేలు కొట్టుకోవడం అదే.

ఉత్తరం గాలి తిరిగిన రోజు జవహర్‌నగర్ చెత్తగుట్ట వాసన మా వైపు వచ్చేది. అలాంటి రోజు పెద్దమ్మ గుమ్మంలోనే ఆగి, “ఇయాల రుచి లేదు, పోయి లెక్కలు రాసుకో” అనేది. జ్వరం నుంచి లేచిన వారానికి అలాంటి గాలి వచ్చింది. ప్యాకింగ్‌లో అందరూ కొంగులు ముక్కుకు చుట్టుకున్నారు. పెద్దమ్మ వచ్చి కూర్చుని, “ఉడుకపోస్తుంది బిడ్డా, జర కిటికీ తెరువు” అంది.

తెరిచాను. ఆమె మరమరాలు నమిలి కళ్ళు మూసుకుంది.

జ్వరం నీరసం అనుకున్నాను. ఆ మర్నాడు కొత్త ప్యాకెట్ వచ్చింది. లేత పసుపు బిళ్ళలు. ఆమె రాకముందే నేను కత్తిరించాను. కత్తిరించగానే గది నిండా కుళ్ళిన ఉల్లిగడ్డ వాసన. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. దూరదేశాల్లో దురియన్ అని ఒక పండు ఉంటుందని, దాన్ని బస్సుల్లోకి కూడా ఎక్కనివ్వరని ఎక్కడో చదివాను. పెద్దమ్మ వచ్చింది. గుమ్మంలో ఆగలేదు. ఒకటి నోట్లో వేసుకుంది. వేలు కదిలింది.

“తీపి ఎనిమిది. పులుపు లేదు. బొక్కలదే, గని మెత్తటి బొక్క. కొరుకు మంచిగుంది. వాసన...” ఒక్క క్షణం కళ్ళు తెరిచి బిళ్ళ రంగు చూసింది. “మామిడిపండు. బంగినపల్లి.”

నా పెన్ను ఆగిపోయింది. ఆమె నా వైపు చూడలేదు. నీళ్ళు పుక్కిలించడానికి లేచింది.

ఆ గడిలో మామిడిపండు అని రాస్తే ఆ సరుకు తయారవుతుంది, డబ్బాలు దుకాణాలకు వెళ్తాయి, వెనక్కి వస్తాయి. పెద్దమ్మ నాలుక పోయిందని ఒక్కరోజులో నాచారమంతా తెలుస్తుంది. ఆ నాలుక కాకుండా ఆమెకు ఆ ఫ్యాక్టరీలో ఏముంది? నేను రాశాను: కుళ్ళిన ఉల్లిగడ్డ, వెనక నుంచి వెన్న.

ఐదింటికి ఆమె ఎదురుగా కూర్చుంది. “సదువు బిడ్డా.”

చదివాను. వాసన గడి దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించాను. ఆమె మళ్ళీ చదవమంది. చదివాను. కొంగుతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుంది.

“ఆఁ. గదే. మంచిగ రాసినవ్.”

సంతకం పెట్టింది.

ఆ తర్వాత ఏడాది పాటు మేం ఆ మాట ఎత్తలేదు. తీపి, పులుపు, కొరుకు ఆమె చెప్పేది. వాసన దగ్గర ఆగి పుక్కిలించడానికి లేచేది. ఆమె కుళాయి దగ్గర ఉన్నంతసేపట్లో నేను ఒక బిళ్ళ నోట్లో వేసుకుని ఆ గడి నింపేదాన్ని. సాయంత్రం చదివేదాన్ని. ఆమె కళ్ళు మూసుకుని వినేది. కొన్నిసార్లు, “గా పేజీల రెండోది మల్ల సదువు” అని అడిగేది. తాను తిన్నదాని వాసన ఆమెకు సాయంత్రం ఐదింటికి చేరేది. నా గొంతులోంచి.

ఆ నీలం గమ్మీ వచ్చింది అప్పుడే. “రంగంటిందా సూడు” అని నాలుక చాపింది. అద్దం లేదు. ఫొటో తీసి చూపించాను. ఫోన్ చేతిలోకి తీసుకుని చూసుకుని చూసుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, “పోనీ, రంగైతే అంటింది” అంది. ఆ విషయం మీద మా మధ్య జరిగిన మాట అదొక్కటే.

మొదట్లో ఆమె మాటల్లాగే రాసేదాన్ని. చెప్పులు, గోనెసంచులు, దవాఖాన వరండా. నెలలు గడిచాక నాకు తెలియకుండానే నా మాటలు వచ్చాయి. రాత్రి డైరీలో రాసుకునే మాటలు పగలు రిజిస్టరులోకి జారాయి. ఒకసారి ఊదారంగు పువ్వుల గమ్మీ వచ్చింది. తిన్నాక కుదురుగా కూర్చుని ఇలా రాశాను: ‘ఎవరూ తెరవని పుస్తకంలో ఎండిన పువ్వు. వాసన పువ్వుది కాదు, దాన్ని దాచిన వేళ్ళది.’ రాసి మురిసిపోయాను. ఇంటికెళ్ళి డైరీలోకి ఎక్కించుకున్నాను కూడా. సాయంత్రం చదివినప్పుడు పెద్దమ్మ రెండుసార్లు చదివించుకుంది. సంతకం పెట్టింది.

వారం తర్వాత మధ్యాహ్నం అన్నాల వేళ మేనేజర్‌గారు రిజిస్టరు పట్టుకుని ప్యాకింగ్ హాల్లోకి వచ్చారు. ఆయనది భీమవరం వైపు. మంచి హుషారుగా ఉన్నారు.

“ఇదిగో వినండర్రా, మన పెద్దమ్మగారు ఏం చెప్పారో!” అని ఆ రెండు వాక్యాలూ అందరి ముందు గట్టిగా చదివారు. “డబ్బా మీద అచ్చేయించేద్దాం! ఏమ్మా, ఇన్నాళ్ళూ చెప్పులూ గోనెసంచులూ అన్నారు, ఇంత కవిత్వం ఎక్కడ దాచారు? మీరెప్పుడు చదివారమ్మా పుస్తకాలు?”

ఆడవాళ్ళు నవ్వారు. “పెద్దమ్మ రాత్రి కాలేజీకి పోతుందేమో సార్!” అని ఒకామె.

అది పరాచికమే. నవ్వేసి ఊరుకుంటే అయిపోయేది. పెద్దమ్మ చేతిలో రొట్టె ముక్క ఉంది. దాన్ని డబ్బాలో పెట్టి మూత పెట్టింది.

“గంత మంచి మాట నాది గాదు సార్. గా పిల్లది.”

“అంటే?”

“నాకు ముక్కు పోయి ఏడాదాయె. జరమొచ్చినప్పుడే పోయింది. వాసనలన్ని గామెనే రాస్తుంది. డబ్బా మీద ఏస్తే గామె పేరెయ్యిన్రి.”

హాలంతా నా వైపు తిరిగింది. చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చింది. ‘వాసన ఒక్కటే నాది సార్. తీపి, పులుపు, కొరుకు ఇప్పటికీ ఆమెవే. ఆమె లేకపోతే నాకు సగం తెలియదు.’ ఇంతే. మూడు వాక్యాలు. నేను నేల చూస్తూ నిలబడ్డాను.

“అవునామ్మా?” అని ఆయన నన్ను అడిగారు.

తల ఊపాను.

ఆయన చెడ్డవాడు కాదు. ఎవరి మీదా అరవలేదు. పెద్దమ్మను ప్యాకింగ్‌లో కూర్చుని తేదీల ముద్ర చూసే పనిలో వేశారు, జీతం తగ్గించలేదు. నన్ను ఆమె కుర్చీలో కూర్చోమన్నారు. ఆమె తన గళ్ళ డబ్బా తీసుకుని వెళ్ళిపోతూ గుమ్మంలో ఆగింది.

“నువ్వు మాట్లాడవు. మంచిదే బిడ్డా. ముక్కుకు పని దొరుకుతది” అంది. దెప్పలేదు. ఆ మాట ఆమె అంతకుముందు కూడా చాలాసార్లు అంది, మెచ్చుకోలుగా. అందుకే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

నెల తర్వాత మానేసింది. నాచారం నుంచి ఉప్పల్ ఎంత దూరం? బస్సెక్కితే పావుగంట. ఎనిమిది నెలల పాటు నా డైరీలో ప్రతి శుక్రవారం ఒకే వాక్యం ఉంది: ఈ ఆదివారం పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళి ఏం చెప్పాలో కూడా రాసుకున్నాను, కొట్టేసుకున్నాను, మళ్ళీ బాగా రాసుకున్నాను. పోయిన వారం ఫ్యాక్టరీ వాట్సాప్ గ్రూపులో వార్త వచ్చింది. గుండెనొప్పి. దవాఖానకు తీసుకెళ్తుంటే దారిలోనే.

నేను వెళ్ళింది మూడో రోజు, పిట్టకు పెట్టేనాడు. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా చూస్తారు. జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం, కోడికూర, గ్లాసులో కల్లు. ఎవరో లడ్డు పెట్టబోతే ఆమె కూతురు అడ్డుపడింది.

“మా అమ్మకు తీపి పెడుతవా? లేచొచ్చి కొడుతది.”

అందరూ ఏడుస్తూనే నవ్వారు. కాకి తొందరగానే వచ్చింది. రొట్టె ఎత్తుకుపోయింది. నా సంచిలో ఒక గమ్మీ ప్యాకెట్ ఉంది. తీయలేదు.

వెళ్ళేటప్పుడు కూతురు లోపలికి పిలిచింది. “రాసే పిల్లవు నువ్వే గదా? సాయంత్రం ఐదైతే చాలు, అమ్మ నిన్నే తలుసుకునేది. ‘ఇప్పుడు సదువుతుంటది’ అని.” బీరువా మీది నుంచి గళ్ళ డబ్బా దించింది. “దీన్నేం జెయ్యాల్నో సమజ్ అయితలేదు. చీమలు బడుతున్నయి. పారెయ్యాల్నా?”

“వద్దు. నాకివ్వండి” అన్నాను.

ఇంటికి తెచ్చి మూత తీశాను. కంటిగుడ్లు, వానపాములు, నల్లబిళ్ళలు. మక్కపిండిలో గట్టిపడి, రంగులు వెలసి, వచ్చిన వరసలోనే ఉన్నాయి. గడికి ఒకటి. నాలుగో వరస మధ్యలో ఒక గడి దగ్గర ఆగాను. లేత పసుపు. ఇంత కాలం తర్వాత కూడా ముక్కు దగ్గర పెట్టుకుంటే సన్నగా ఉల్లిగడ్డ. ఆ గడిలో రెండు ఉన్నాయి. దాని పక్క గడిలో రెండు. ఆ తర్వాత నీలానివి రెండు. ఊదా పువ్వులవి రెండు. చివరిదాకా ప్రతి గడిలోనూ రెండేసి.

నేను ప్లేట్లు కడగడానికి వెళ్ళినప్పుడు నా వంతు కూడా సర్దేదేమో. ఎప్పుడూ చూడలేదు.

సోమవారం పొద్దున ఆ డబ్బా తీసుకెళ్ళి మేనేజర్‌గారి బల్ల మీద పెట్టాను. నిలబడే చెప్పాను. వాసన ఒక్కటే నాది సార్, మిగతావన్నీ చివరిదాకా ఆమెవే, బొక్కలదో తొక్కలదో ఆమె ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు, ఆ రోజు మీరు అడిగినప్పుడు నేను చెప్పలేదు. ఆయన డబ్బాలోకి చూశారు. కళ్ళద్దాలు తీశారు.

“ఆ రోజే చెప్పుంటే ఇద్దర్నీ అక్కడే కూర్చోబెట్టేవాణ్ణి కదమ్మా” అన్నారు. “రెండు కుర్చీలు పట్టనంత చిన్న గది కాదుగా అది?”

నేను నా గదికి వచ్చాను. కొత్త ప్యాకెట్ బల్ల మీద ఉంది. అట్ట చిరిగి సగం అక్షరాలు పోయాయి, ఫోన్ ఏమీ చదవలేకపోయింది. నీళ్ళు పుక్కిలించి, నాలుగు మరమరాలు నమిలి, కళ్ళు మూసుకుని ఒకటి నోట్లో వేసుకున్నాను. తీపి ఏడు. పులుపు నాలుగు. వాసన: కొత్త హవాయి చెప్పు. అంతే రాశాను.

ఇంకోటి కొరికాను. విరిగినట్టే ఉంది, సాగినట్టూ ఉంది. చిటికెన వేలు బల్ల మీద పెట్టి మూడోది నమిలాను. తెలియలేదు. కొరుకు గడి ఖాళీగా వదిలేసి కింద సంతకం పెట్టాను.